తెల్లవాగుకి పేరెలా వచ్చింది

మా ఊరి వాగు అంత గొప్పదేమీ కాదు. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి నేలల్లో పుడుతుంది. పత్తిచేల మధ్య వంకరలు తిరిగి, మిరపతోటల్ని ఒరుసుకుంటూ, సుబాబుల్ తోటల వెనక కాసేపు కనపడకుండా పోయి, నందిగామ చేరకముందే మునేట్లో కలిసిపోతుంది. ఎండాకాలం మేకలు కూడా దాన్ని లెక్కచెయ్యవు. వానాకాలం మాత్రం ఒక్క గట్టి వాన పడితే చాలు, నందిగామ బస్సుని అవతలి గట్టునే ఆపేస్తుంది. అందుకని ఈమధ్య దానిమీద వంతెన కట్టారు. వంతెనకి పేరు బోర్డు రాయిస్తామన్నారు. నా పరువు మీదికి వచ్చింది అక్కడే.

నేను దివిసీమ దాన్ని. మా వైపు వాగులుండవు, కాలువలుంటాయి. చేలల్లోకి పారే చిన్న బోదెలతో సహా ప్రతిదానికీ ఏదో ఒక పేరుంటుంది. ముప్ఫై ఏళ్ళ కిందట సోషల్ టీచరుగా ఈ మెట్ట ఊరికి వచ్చినప్పుడు, పేరులేని నీళ్ళు కూడా ఉంటాయని నా బుర్రకి తట్టలేదు. చేరిన వారానికే బడి గోడ మీద ఊరి పటం గీయాలని సరదా పుట్టింది. రోడ్డు గీశాను, చెరువు గీశాను, వాగు గీశాను. పేరు రాద్దామంటే తెలియదు. ఎవరినో ఒకరిని అడిగితే పోలా అని వాగు గట్టుకి వెళ్ళాను.

అక్కడ ఒకావిడ మిరపనారు నాటుతోంది. వాగు హోరుమంటోంది. ఆవిడ నోట్లో ఆకూ వక్కా ఉన్నాయి. పేరేమిటని అడిగితే తలెత్తకుండానే ఏదో అంది. నాకు "తెల్లవాగు" అని వినిపించింది.

ఎంత చక్కటి పేరు! మర్నాడే పటంలో పెద్దక్షరాలతో రాసేశాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. సున్నపురాయి మీదుగా పారుతుంది కాబట్టి తెల్లవాగు అని నేనే ఒక కారణం కూడా కట్టి పిల్లలకి నోట్స్ చెప్పాను. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న ఇచ్చాను. ఆరో తరగతి కుర్రాడొకడు జవాబుగా "వాగు" అని మాత్రం రాస్తే సున్నా వేసి, చెవి మెలిపెట్టాను. అసలే నాకు ముక్కుమీద కోపం. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ పిల్లలూ అదే నోట్స్ చదివారు. తెల్లవాగు టీ స్టాలు వచ్చింది, తెల్లవాగు క్రికెట్ టీమ్ వచ్చింది. నేను రిటైరై ఈ ఊళ్ళోనే ఇల్లు కట్టుకున్నాను.

ఆనాడు మిరపనారు నాటినావిడ ఇప్పుడు నా నేస్తం. రోజూ పొద్దున్నే మా అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ లోకాభిరామాయణం మాట్లాడుతుంది. ఆవిడ పుట్టిల్లు కోదాడ అవతల. కోడలిగా ఈ ఊరొచ్చి నలభై ఏళ్ళు దాటినా మాటలో ఆ యాస పోలేదు. బోర్డు సంగతి చెప్పి, ఈ పేరు లోకానికి తెలిసిందంటే నీ పుణ్యమేనమ్మా, నువ్వేగా నాకు చెప్పావు అన్నాను. ఆవిడ చేతిలో చింతపండు పక్కన పెట్టి నావంక చూసింది.

"నేనేడ చెప్పిన టీచరమ్మా? తెల్వదు, వాగే అన్న గద."

తెల్వదు, వాగే! మా దివిసీమ చెవులకి తెలీదు అంటే తెలుసు గానీ, తెల్వదంటే అప్పట్లో ఏం తెలుసు? పోయి పోయి 'తెలియదు' అన్న మాటని పట్టుకుని వాగుకి పేరు పెట్టాను! పప్పులో కాలెయ్యడం కాదిది, ఊరంతటి చేతా వేయించాను. ఊరివాళ్ళు ఒక్కరైనా దిద్దలేదేమంటే, టీచరుగారు ఏ పుస్తకంలోనో చూసే ఉంటుందని అనుకున్నారట. ఊళ్ళో ఉన్నది ఒక్కటే వాగు కనక వాళ్ళకి దాని పేరుతో పనే పడలేదు. బడి గోడ మీద అబద్ధం రాశాను, అదిప్పుడు సర్కారు బోర్డెక్కబోతోంది.

బోర్డు రాసే రోజు పొద్దున్నే వంతెన దగ్గరకి వెళ్ళాను. మా నేస్తాన్ని కూడా వెంటబెట్టుకుపోయాను. సర్పంచి అక్కడే ఉన్నాడు. నేను చెవి మెలిపెట్టిన కుర్రాడు అతనే. జరిగిందంతా చెప్పి, రాయించకు బాబూ, ఆ రోజు నీ జవాబే రైటు అన్నాను. అతను చెవి తడుముకుని పడీపడీ నవ్వాడు.

"ఆ సున్నా తరవాత కష్టపడి నేర్చుకున్నానండీ ఆ పేరు. మా పిల్లలకీ నేర్పా. ఇప్పుడు కాదంటే ఎట్టాగండీ?"

నేను ఒప్పుకోలేదు. నువ్వు నేర్చుకున్నంత మాత్రాన తప్పు ఒప్పైపోతుందా అని గయ్యిమన్నాను. పెయింటరు బ్రష్ పట్టుకుని మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. చివరికి సర్పంచే, అప్పుడు అడిగినావిడనే ఇప్పుడు మళ్ళీ అడగండి, ఆవిడ ఏమంటే అదే రాయిద్దాం అన్నాడు.

సరేనని ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఈసారి వాగులో హోరు లేదు, ఆవిడ నోట్లో ఆకూ వక్కా లేవు. అయినా చెవి దగ్గరగా పెట్టాను.

"ఈ వాగు పేరేంటమ్మా?"

ఆవిడ వాగువంక చూసింది, నావంక చూసింది. చెవిటిదానికి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"అప్పుడు తెల్వదు. ఇప్పుడు తెల్సు. తెల్లవాగు."

పెయింటరు బ్రష్ డబ్బాలో ముంచాడు.