కట్టు కింద విసిరిన గుండు

పదో తరగతి దసరా సెలవుల్లో సీతాఫలం చెట్టు మీంచి పడి కుడిచేయి విరగ్గొట్టుకున్నాను. మా ఊరు భద్రాచలం దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట. ఎముకలు కట్టే ముసలాయన వెదురు బద్దలు పెట్టి బిగించి, "నెల దాక కదపకు బిడ్డా" అన్నాడు. ఆ కట్టుతో బడికి వెళ్తే డ్రిల్లు సారు, "ఇగ నీకు గుండు ఏందమ్మా, పోయి చదువుకో" అని జిల్లా పోటీల జాబితాలో నా పేరు కొట్టేశాడు. బడి మొత్తంలో ఇనుప గుండును దూరం విసిరేది నేనే. నాకు ఒళ్లు మండిపోయింది.

కదపొద్దన్నది చేతిని. ఆలోచనకు ఎవరూ కట్టు కట్టలేదు కదా. రోజూ సాయంత్రం అమ్మ నన్ను ఆరబోసిన మొక్కజొన్నల దగ్గర కాపలా కూర్చోబెట్టేది. నేను కళ్లు మూసుకుని గుండు విసిరేదాన్ని. మెడకు ఆనిన ఇనుము చల్లదనం, వంగిన మోకాలు, తిరిగే నడుము, చివర్లో వేళ్లతో నెట్టడం, ఒక్కటీ వదిలేదాన్ని కాదు. చిత్రమేమిటంటే, మొదటి వారం ఊహలో కూడా గుండు నా కాళ్ల దగ్గరే పడేది. నొప్పి పుడుతుందన్న భయం అక్కడికీ వచ్చి కూర్చుంది. దాని సంగతేమిటో చూడాలని పట్టుబట్టాను. ఒకరోజు గుండు చేయి దాటి దూసుకుపోయింది. కట్టు లోపల వేళ్లు జివ్వుమన్నాయి.

అంతలో అమ్మ కేక. "కండ్లు మూసుకొని ఏంజేస్తున్నవే? మేకలు సగం మేసినయ్!"

"గుండు ఏస్తున్ననే" అన్నాను. చీపురు నా వైపు వచ్చింది.

కట్టు విప్పేసరికి చేయి ములక్కాడలా ఉంది. రెండు వారాలు బిందెలు మోసి, పోటీలకు ముందు మైదానంలోకి వెళ్లాను.

"ఒక్కసారి ఎయ్యనియ్యిండ్రి సారూ."

"మల్ల ఇరగ్గొట్టుకుంటవా?"

"ఇరిగితే నా చెయ్యే గదా."

పిల్లలు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. ముందు కళ్లు మూసుకుని మనసులో విసిరాను, తర్వాత కళ్లు తెరిచి చేత్తో విసిరాను. సారు నా బదులు ఎంచుకున్న అమ్మాయి విసిరిన చోట పెట్టిన గుర్తుకు జానెడు అవతల పడింది గుండు.

సారు కొత్త సెల్‌ఫోను జేబులో వేసుకుని టేపు రెండుసార్లు పట్టాడు. "కట్టు ఇప్పి దొంగచాటుగ ప్రాక్టీసు చేసినవ్ గదా?"

"లేదు సారూ. కూసోని మనసుల ఏసిన."

"అబద్ధాలాడకు."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపమే ముందు బయటికి వచ్చింది.

"నమ్మకుంటే మానెయ్యిండ్రి సారూ. నా పేరు మాత్రం రాయిండ్రి."