యాభై ఎనిమిదో పేజీలో మైనస్

1988 వేసవి. దేవరకొండలో మండల ఆఫీసుకు ఎదురుగా నా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అర్జీలు, అఫిడవిట్లు, దస్తావేజులు కొట్టడం నా పని. కొట్టేదాన్ని అర్థం చేసుకోవడం అందులో భాగం కాదు. ఆ విషయంలో నాకు మంచి పేరే ఉంది.

ఒకరోజు ఖాదర్ సార్ వచ్చారు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. తొంభై పేజీల చేతిరాత బల్ల మీద పెట్టారు.

"ముప్పై ఏండ్ల పని. విదేశీ పత్రికకు పంపాలె. జర సాఫుగ కొట్టు."

"దేని మీద సార్?"

"గురుత్వాకర్షణ మీద. గ్రహాలకు ఒక లెక్కున్నది, అణువుల లోపల ఇంకో లెక్కున్నది. దేనికది కరెక్టే. కలిపితే కలుస్తలేవు."

"సర్వే రికార్డుల ఒక విస్తీర్ణం, పహాణీల ఇంకో విస్తీర్ణం ఉన్నట్టా?"

"గట్లనే అనుకో."

"గవైతే ఎన్నడు కలువయి సార్."

"నేను కలిపిన," అని నవ్వారు.

గ్రీకు అక్షరాలు నా మిషన్‌లో లేవు. ఖాళీ వదిలితే సార్ పెన్నుతో నింపేవారు. నెల పట్టింది. ఆఖరున కంపేరింగ్: ఒకరు చేతిరాతను పైకి చదువుతుంటే ఇంకొకరు టైపు కాపీ చూసుకోవాలి. నేను చదివాను, సార్ టైపు కాపీ చూసుకున్నారు. ప్లస్, మైనస్, బ్రాకెట్. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కష్టమనిపించలేదు. జీవోలు చదివిన నోరు.

యాభై ఎనిమిదో పేజీలో "పన్నెండో పేజీలోని సమీకరణం ప్రకారం" అని ఉంది. దస్తావేజులో హద్దులు రెండుచోట్ల వస్తే వెనక్కి తిప్పి సరిచూడటం మాకు అలవాటు. తిప్పాను. అక్కడ ప్లస్, ఇక్కడ మైనస్. చేతిరాతలోనే అట్లా ఉంది.

"ఏది ఉంచమంటరు సార్?"

ఆయన రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తెప్పించిన చాయ్ మీద మీగడ కట్టింది.

"జర ఆగు," అని కాగితాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు.

మూడు నెలలు రాలేదు. ఒక అడ్డగీత చూపించి ఆయన ముప్పై ఏళ్ళు పాడుచేశానో, బాగుచేశానో తేల్చుకోలేకపోయాను. నోరు మూసుకుని ఉంటే పార్సెల్ ఈపాటికి సముద్రం దాటేది.

"చదువుకున్నోళ్ళ కాగితాలల్ల నీకేం పని?" అంది మా ఇంటామె.

వానాకాలం చివర సార్ వచ్చారు. చేతిలో పంతొమ్మిది పేజీలే ఉన్నాయి.

"ప్లస్సే కరెక్టు. ఆ మైనస్ మీద కట్టిందంత పోయింది, దానికోసమని ముందు రాసింది గూడ పోయింది. గివి నిలవడ్డయి."

"రెండు లెక్కలు కలిసినయా సార్?"

"లేదు. నేను పోయిన తొవ్వల కలువయని తేలింది. గదే రాసిన, ఇంకోడు అటు పోకుంట."

"నేను అడుగకుంటే మంచిగుండునేమో..."

"నువ్వు కాకుంటే ఆ పత్రికోడు అడుగుతుండె. వాడైతే చాయ్ గూడ తాపకపోవు. కొట్టు. మళ్ళ నువ్వే చదువాలె."

కంపేరింగ్‌లో మొదటి పేజీకే ఒకచోట ఆగాను. సార్ ముఖం పాలిపోయింది.

"కామా సార్, కామానే," అన్నాను.

గురుత్వాకర్షణ నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. తప్పు కనబడితే మాత్రం అప్పటినుంచి చెప్పకుండా ఉండను. కాకపోతే, ముందు ఎదుటిమనిషిని చాయ్ తాగనిస్తాను.