అయస్కాంతం గదిలోకి వచ్చిన మామ

హైదరాబాద్‌లో సిమెంటు మీద పరిశోధన చేస్తున్న రోజులవి. మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా మేనమామ నా ప్రయోగానికి పొడి తీసుకొచ్చాడు. ఆయన గుండెకు పేస్‌మేకర్ ఉంది. పదార్థం లోపలి నిర్మాణం చూపే మా ల్యాబ్‌లోని ఎన్ఎంఆర్ యంత్రంలో ఉండేది భారీ అయస్కాంతం. దాని దగ్గరికొస్తే ఆయన ప్రాణానికే ముప్పు.

"నీ గుండె మిషన్‌కు మంచిది కాదు మామా, ఈడనే కూసో" అని వరండాలో కూర్చోబెట్టాను.

పొడిని చిన్న గొట్టంలో కూరి, యంత్రంలో పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. వేగం పెరిగేకొద్దీ తిరిగే గొట్టం కూత చెవులు చిల్లులు పడేలా మారింది. అది మామూలే. కానీ ఇంతలో తలుపు ధడాలున తెరుచుకుంది.

"బిడ్డా, అది పేలేటట్టున్నది, బయటికి రా" అంటూ మామ నావైపు ఉరికొస్తున్నాడు.

ఆగమని అరిచాను. నా అరుపుకు ఇంకా భయపడి వేగం పెంచాడు. ఎదురెళ్లి ఆయన్ని గుమ్మం బయటికి నెట్టేశాను. ఇద్దరం కింద పడ్డాం. ఆయన కళ్లు మూసుకున్నాడు. నాడి పట్టి చూశాను, కంగారులో ఏమీ తెలియలేదు.

కాసేపటికి, "గంత గట్టిగ నెట్టినవేందే" అన్నాడు మెల్లగా.

దవాఖానలో పరీక్షించి, ఏమీ కాలేదన్నారు. సాయంత్రం ఊరికి పోవడానికి కోదాడ బస్సు ఎక్కుతూ మామ, "ఇగ నువ్వు ఆ మిషన్ కాడికి పోకు బిడ్డా" అన్నాడు. ముప్పు తనకని తెలిసీ ఆయన భయపడింది నా కోసమే.

– స్వప్న, మిర్యాలగూడ