పైబందు దాకా చెయ్యి

తలుపు బిగించడంలో వడ్రంగి మేస్త్రికి తిరుగులేదు. నలభై ఏళ్లలో ఆయన బిగించిన తలుపుల్లో కిందికి వాలి రాసుకునేది ఒక్కటే. అదీ సొంత ఇంట్లో, భార్య బీరువాది. అదేమిటని అడిగితే, ఏదో కొత్తరకం మడతబందు, తయారుచేసినవాడికి బుద్ధి లేదు అనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అని ఆవిడ ఒక్కసారైనా అనలేదు. పన్నెండేళ్లుగా తలుపు అంచు కాస్త ఎత్తిపట్టి మూసుకుంటూనే ఉంది. ఆ అనకపోవడమే ఆయన్ని పొడిచేది.

అలాంటి మనిషికి కుడి భుజం మొరాయించింది. చెయ్యి ఛాతీ దాటి లేవదు. కింది బందు తానే బిగిస్తాడు, పైబందు దగ్గరికొచ్చేసరికి ఇంకొకర్ని పిలవాలి. పిలవాలంటే ఆయనకి తల కొట్టేసినట్టుండేది. చెయ్యి మళ్లీ పైబందు దాకా లేవాలి, అంతకు మించి దేవుణ్ని ఏమీ అడగలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి విడమరిచి చెప్పింది. భుజాన్ని తిప్పే చిన్న కండరాలు తెగి చాలాకాలమైంది, కుట్టినా నిలవవు. మామూలుగా గుండు చేతి ఎముకకి, గిన్నె రెక్క ఎముకకి ఉంటాయట. వాటి స్థానాలు తారుమారు చేసి లోహపు కీలు పెడితే, పైనున్న పెద్ద కండరమే చెయ్యిని లేపుతుందట. తిరకాసు పనే అయినా మేస్త్రికి నచ్చింది.

నచ్చనిది ఒకటే. అల్లుడు ఫోన్లో చూపించిన సరికొత్త కీలు కాకుండా, డాక్టరమ్మ పాతరకం పెడతానంది. కొత్తదే కావాలని మేస్త్రి పట్టుబట్టాడు.

"కొత్తది మంచిదే మేస్త్రిగారూ. కానీ దాన్ని నేను పెట్టింది నాలుగుసార్లే. ఇది రెండొందల పైచిలుకు పెట్టాను. మీ ఎముక ఒకవైపు అరిగిపోయింది. గుండు ఎంత వాల్చాలో, స్క్రూకి పట్టు ఎక్కడ దొరుకుతుందో దీంతో నా చేతికి తెలుసు."

"రేపు పట్టు తప్పితే తప్పెవరిదంటారు?"

"నాదే. ఎంచుకునేదీ నేనే, బిగించేదీ నేనే కదా."

మేస్త్రికి బీరువా తలుపు గుర్తొచ్చింది. సిగ్గేసింది. సరేనన్నాడు.

ఆపరేషనయ్యాక కొన్ని వారాలు చెయ్యి మెడకి వేలాడింది. తర్వాత గోడమీద వేళ్లని పైకి పాకించే కసరత్తు. ఎంతవరకు పాకాయో అక్కడ భార్య ఆయన పెన్సిలుతోనే గీత గీసేది. ఓ వారం గీత కదల్లేదు. ఆ వారమంతా ఆయన ముఖం చూడలేకపోయారు ఇంట్లో.

ఐదో నెలలో బరువులు ఎత్తకుండా తేలికపాటి పని చేసుకోవచ్చన్నారు. ఆయన నేరుగా బీరువా దగ్గరికెళ్లాడు. భార్యని తలుపు పట్టుకోమని, చెయ్యి చాపాడు. చెయ్యి పైబందుని అందుకుంది. కళ్లు చెమర్చాయి, తుడుచుకోలేదు. స్క్రూలు విప్పి చూస్తే బందు నిక్షేపంలా ఉంది. దాన్ని కూర్చోబెట్టిన గాడి మాత్రం గోరుమందం లోతు తక్కువ. ఉలితో నెమ్మదిగా చెక్కి మళ్లీ బిగించాడు.

"బందుది తప్పేం లేదు. తెలియని సామానుతో తొందరపడింది నేనే. ఆ రోజే తెలుసు నాకు," అన్నాడు.

"నాకూ తెలుసు. బిగించాక నావైపు చూడలేదు మీరు."

అలవాటు కొద్దీ ఆవిడ తలుపు అంచు ఎత్తబోయింది.

"ఎత్తకు," అన్నాడు మేస్త్రి. "వదిలెయ్."

ఆవిడ వదిలేసింది. తలుపు తనంతట తానే వెళ్లి మూసుకుంది.