పలక మీద వంటవాడి పేరు

మంచుకొండల్లోని మా ఆర్మీ పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. ఫైబర్ గుడిసె, కిరోసిన్ స్టవ్వు, ఎనిమిది మందిమి. ఊపిరి అందక మంచులో కూలబడితే ఒకడు గ్లాసు చేతికిచ్చి తెలుగులో అన్నాడు: "అన్నా, మీదీ భిలాయేనంట గదా? మాదీ అక్కడే, కోహ్కా." అతనే మా వంటవాడు అప్పన్న. ఆ ఎత్తులో పప్పు ఉడకదు. ఆ పలుకు పప్పునే మా చేత మెచ్చుకుంటూ తినిపించేవాడు.

గుడిసె నుంచి పై బంకరుకి రెండు వందల గజాలు, తాడు పట్టుకుని ఎక్కాలి. తుఫాను వెలిశాక ఇరవై నాలుగు గంటలు ఎవరూ ఆ దారిలో కాలు పెట్టకూడదని ఆర్డరు. మూడో నెలలో ఒక తుఫాను రాత్రి వెలిసింది. ఉదయం ఆరూ నలభైకి పై బంకరులో, తుఫానుకి ముందే ఎక్కిన నేనొక్కడినే కాపలా. వేళ్ళు మొద్దుబారాయి. రేడియో తీసి అప్పన్నతో, "టీ తేరా, చచ్చిపోతున్నా" అన్నాను. సరదాకి అన్నానని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నాకు టీ కావాలి. "తెత్తన్నానన్నా" అన్నాడు. దారిలో మంచుచరియ విరిగి అతని మీద పడింది.

దిగొచ్చాక వాళ్ళమ్మకి చరియ సంగతే చెప్పాను. టీ సంగతి మింగేశాను.

ఈ ఏడాది భిలాయిలోనే మరోదాలో మా రెజిమెంటు వాళ్ళం స్మారకం కట్టాం. ఉక్కు పలక మీద రెజిమెంటు చరిత్ర, కింద అమరుల పేర్లు. పై అధికారులు పంపిన జాబితాలో తూటాకి పోయినవాళ్ళే ఉన్నారు. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన వెల్డరు తన అలవాటు ప్రకారం ముందు అంతా సుద్దతో రాసి, అందరినీ పిలిచి చూసుకోమన్నాడు. గ్యాస్ కట్టరు పెట్టాక దిద్దడం కుదరదు. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళూ వచ్చారు. అప్పన్న తల్లి పేర్లన్నీ మనవరాలితో చదివించుకుని, కొడుకు పేరు రాకపోయేసరికి పక్కకి జరిగింది.

నేను సుద్దముక్క తీసుకుని చివర అప్పన్న పేరు రాశాను. రిటైరైన మా సుబేదారు గారు అడ్డొచ్చారు.

"ఆడు యుద్ధంలో పోనేదు కదా."

అప్పుడు చెప్పాను, ఆమె వింటుండగానే. ఆర్డరు కాదని టీ అడిగింది నేనేనని. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆమే అడిగింది.

"ఆ టీ నీకు అందిందేటి బాబూ?"

"అందలేదమ్మా."

సుబేదారు గారు వెల్డరు వైపు తిరిగి, ఆ పేరు కూడా పలకలో కొయ్యమన్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాను. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆమే కనిపిస్తుంది. ఇంకా వేడి తగ్గని కొడుకు పేరు అక్షరాల మీద చీరకొంగు మడతపెట్టి వేసి, దాని మీద అరచెయ్యి ఆన్చి నిలబడి ఉంటుంది.