సుద్దగీతల మధ్య కుర్చీ

మా మేడమ్ పోయారని శుక్రవారం పొద్దున ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. బెంగళూరు బళేపేటలో గాజుల కొట్టు నడిపే ఆయన అంతకుముందు ఎప్పుడూ నాకు ఫోన్ చెయ్యలేదు. "సార్, అక్క పోయిందప్పా. కాఫీ తాగతా ఉండి, లోటా కింద పెట్టి, అట్లే పక్కకి ఒరిగిపోయింది. ఆటో పిలిచేలోగానే అయిపోయింది," అన్నాడు. దానికి నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. "రేపు క్లాసుంది కదండీ," అన్నాను.

"అవును సార్, ఉండాది," అన్నాడాయన.

పిడుగులాంటి కబురు విన్న మనిషి నోటికొచ్చింది మాట్లాడతాడని, దాన్ని పట్టించుకోకూడదని నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేనే చెబుతుంటాను. నా దాకా వచ్చేసరికి ఆ జ్ఞానం ఎందుకూ పనికి రాలేదు. ఫోన్ పెట్టేసి స్నానానికి వెళ్ళాను. సగం స్నానంలో గుర్తొచ్చింది, గురువారం సాయంత్రమే కదా ఆవిడతో మాట్లాడానని. మాట్లాడటమేమిటి, పదేళ్ళుగా దాచిన అబద్ధం ఒకటి ఒప్పుకున్నాను. దాని సంగతి శనివారం చూద్దామన్నారు. శనివారం రాకుండానే వెళ్ళిపోయారు. తల మీద సబ్బు నురగతోనే స్నానం పీట మీద ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలీదు.

ఆవిడెవరో చెప్పకుండా ఏదేదో రాస్తున్నాను, మన్నించండి. మాటలు తెగిపోయిన భార్యాభర్తలని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళు మళ్ళీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చెయ్యడం మా పని. చదువుకుని డిగ్రీ తెచ్చుకుంటే ఒక మనిషితో కూర్చోవడం వస్తుంది. ఇద్దరితో ఒకేసారి కూర్చోవడం వేరే విద్య. అప్పటికే పనిలో ఉన్న మాలాంటి కౌన్సెలర్లకి ఆ విద్య నేర్పింది మేడమ్. వారమంతా ఆసుపత్రిలో ఉద్యోగం, శనివారాలు తమ్ముడి కొట్టు మీది గదిలో మాకు క్లాసు. రెండేళ్ళ శిక్షణ. కింద గాజులు సర్దుతున్న గలగల, పైన మేము. బళేపేటలో నాలుగు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. ఆసుపత్రిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం మాట్లాడినా, కోపమొచ్చినా ముద్దొచ్చినా ఆవిడ నోట ఇంటి తెలుగే వచ్చేది.

నేను చేరింది తొంభైల చివర్లో. ఒంగోలు నుంచి వచ్చి మడివాళలో పీజీ హాస్టల్లో ఉండేవాణ్ణి. అప్పటికి మూడేళ్ళ అనుభవం ఉంది. గర్వమైతే ముప్పయ్యేళ్ళకి సరిపడా ఉంది.

మొదటి రోజు గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, కొంగు నడుముకి దోపుకుని, ప్రతి కుర్చీ కాలి చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తున్నారు. ఇదేం పిచ్చి అనుకున్నాను. తర్వాత నాతో చదివే ఇద్దరిని భార్యాభర్తలుగా నటించమని, నన్ను మధ్యలో కౌన్సెలర్‌గా కూర్చోమన్నారు. అరగంట మాట్లాడించాను. నాకు తెలిసినంత వరకూ అటో మాట, ఇటో మాట, కొలిచినట్టు అడిగాను. అయిపోగానే ఆవిడ మళ్ళీ నేల మీదికి వంగి నా కుర్చీ కాళ్ళు చూశారు.

"ఏమప్పా, నాలుగు వేళ్ళు భార్య పక్కకి పోయినావే?"

"నేనేం పక్షపాతం చూపించలేదు మేడమ్."

"నీ నోరు చూపించలేదు. కుర్చీ చూపించింది," అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. సోమవారం నా ఆఫీసు గదిలో కూడా సుద్దగీతలు గీశాను. వారం రోజుల్లో తెలిసొచ్చింది, మంచి మాటకారి ఎటుంటే నా కుర్చీ అటే జరుగుతుందని. మనం ముందుకి వంగుతాం, పాదంతో నేలని నెడతాం, తెలీకుండానే చేరిపోతాం. ఇప్పటికీ నా గదిలో ఆ గీతలుంటాయి. వచ్చేవాళ్ళు వాస్తు అనుకుంటారు.

ఆవిడకి సర్దుకుపొమ్మని చెప్పే కౌన్సెలర్లంటే ఒళ్ళుమంట. "స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి అని చెప్పేదానికి మనమెందుకప్పా, బస్ కండక్టర్ చాలడా?" అనేవారు. ఎవరైనా ఒక జంట గురించి చెబుతూ "ఆయన చాలా మంచివాడు మేడమ్" అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేసేవారు. "మంచోడు, చెడ్డోడు అనేది పక్కింటోళ్ళు చూసుకుంటారు. నువ్వు ఆయన ఏమి చెప్పబోయి ఆపినాడో అది చెప్పు."

ఒకసారి క్లాసులో ఎవరో ధైర్యం చేసి, మేడమ్, మీ పెళ్ళి ఎలా ఉండేది అని అడిగారు. భర్త పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది ఆవిడకి. కోప్పడతారేమోనని మేమంతా తలలు దించుకున్నాం. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నేనొక్కదాన్నే చెప్తే అది సగం కథే కదప్పా. ఆయన పక్క చెప్పేదానికి ఆయన లేడు. అందుకని నేనూ చెప్పను," అన్నారు. ఆ తర్వాత ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నా అబద్ధం సంగతి. శిక్షణ చివర్లో ప్రతి ఒక్కరూ ఒక సెషన్ టేపు తెచ్చి అందరి ముందూ వినిపించాలి. ఆ జంట రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. అక్కడి వరకూ అన్నిచోట్లా ఉన్నదే. మేడమ్ పద్ధతి ఏమిటంటే, మనం బాగా చేసింది కాదు, ఘోరంగా చేసింది తేవాలి. అందరూ విని, మాట్లాడుకున్నాక, తెచ్చినవాళ్ళే తమ చేత్తో ఆ టేపు చెరిపేయాలి. "మంచి టేపు ఇంట్లో పెట్టుకుని నువ్వే వినుకో," అనేవారు. "చెడ్డ టేపు వినిపించనోళ్ళకి ఇంకొకరి టేపు వినే హక్కు లేదు." ఇంకో నియమం కూడా ఉండేది. "వాళ్ళు లేచినారని టేపు ఆపొద్దు. అసలు మాట వాకిట్లో వస్తాది."

నా దగ్గర అలాంటి టేపు ఉంది. ఊళ్ళూ పనులూ మార్చి రాస్తున్నాను. అతను జిగణిలో ఫ్యాక్టరీ మనిషి, హిందూపురం వైపు నుంచి వచ్చాడు. షిఫ్టు నుంచి ఇంటికొచ్చి నోరు విప్పడని అతని భార్య ఫిర్యాదు. ఆవిడ చక్కగా మాట్లాడేది. ఎక్కడ ఏడవాలో అక్కడే ఏడ్చేది. అతను హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీని చుడుతూ, విప్పుతూ ఉండేవాడు. మూడో వారం నాకు ఓపిక నశించింది. "మీరిలా బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటే ఆవిడ గోడతో చెప్పుకోవాలా? మీకసలు ఈ పెళ్ళి కావాలా, వద్దా?" అని అరిచాను. అతను తల దించుకున్నాడు. మళ్ళీ వారం ఇద్దరూ రాలేదు. ఆ తర్వాత ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయిందని, విడాకుల దాకా వచ్చిందని తెలిసింది.

ఆ టేపు తీసుకెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు. ఏదో చిన్నపాటి తడబాటు ఉన్న ఇంకో టేపు పట్టుకెళ్ళి, ఇదే నా ఘోరం అని వినిపించాను. మేడమ్ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. "బాగుండాది. దీన్ని సుమ్మనే, ఊరికే ఎందుకు చెరిపేది? ఇంటికి తీసుకుపో," అన్నారు. మిగతావాళ్ళంతా తమ టేపులు చెరుపుకున్నారు. నాది ఒక్కటే చెరపొద్దన్నారు. అది మెప్పు అనుకుని పదేళ్ళు మురిసిన బుద్ధిమంతుణ్ణి నేను. అసలు టేపు మాత్రం ఒక్కసారి కూడా వినకుండా, పారెయ్యకుండా, బీరువాలో స్వెట్టర్ల కింద దాచాను.

పోయిన నెల మేడమ్ పిలిపించారు. "మోకాళ్ళు వంగడం లేదప్పా. గీతలు చూసేదానికి ఎవరో ఒకరు వంగాల గదా. ఈ ఏడు నుంచి శనివారం క్లాసు నువ్వు తీసుకో," అన్నారు. సరేనన్నాను. అన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సయించలేదు. ఒకరి టేపు వినే హక్కే లేనివాణ్ణి, ఆ గదిలో ఆవిడ కుర్చీలో ఎలా కూర్చుంటాను? గురువారం సాయంత్రం ఫోన్ చేసి, "మేడమ్, అప్పుడు నేను తెచ్చింది అసలు టేపు కాదు," అని గబగబా చెప్పేశాను.

"తెలుసప్పా," అన్నారు ఆవిడ, నిన్న పాలు విరిగాయని చెప్పినంత మామూలుగా. "నీ చెడ్డతనం మరీ అంత చక్కగా ఉంటాదా? శనివారం అసలుది తీసుకురా. ఎదురు చూస్తా ఉండాను."

అవే ఆఖరి మాటలు.

శుక్రవారం సాయంత్రమే దహనం అయిపోయింది. శనివారం పొద్దున నేను ఎందుకు బయల్దేరానో, జేబులో టేపు ఎందుకు పెట్టుకున్నానో చెప్పలేను. కాళ్ళు పాత అలవాటు మీద నడిచాయి. కొట్టు మూసి ఉంది. మెట్ల మీద ఈ ఏడు శిక్షణలో ఉన్న నలుగురూ కూర్చుని ఉన్నారు. వాళ్ళూ అలాగే వచ్చేశారట. తమ్ముడు తాళం చెవి తెచ్చి పైగది తెరిచాడు.

కుర్చీలన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. ప్రతి కాలి చుట్టూ కొత్త సుద్దగీత ఉంది.

"గురువారం సాయంత్రమే గీసింది సార్, మోకాళ్ళు నొప్పని మూలుగుతా," అన్నాడాయన. "ఇంట్లోవాళ్ళు ఊడ్చేదానికి వస్తే నేనే వద్దన్నాను." తర్వాత బల్ల వైపు చూపించాడు. అక్కడ పాత క్యాసెట్ ప్లేయర్, దుమ్ము తుడిచి, వైరు తగిలించి ఉంది. ఇప్పుడు శిక్షణలో ఎవరూ క్యాసెట్లు వాడరు, అరచేతిలో పట్టే డబ్బాల్లో రికార్డు చేస్తారు. "ఆ సాయంత్రమే అటక మీది నుంచి దీన్ని దింపించింది. ఎవరో టేపు తెస్తా ఉండారంట. బొత్తిగా పాడైపోయుంటాదిలే అంటే వినలా. ఎవరు సార్ అది?"

జేబులోంచి టేపు తీసి చూపించాను. ఆయన నా భుజం తట్టి కిందికి వెళ్ళిపోయాడు.

నేను కౌన్సెలర్ కుర్చీలో, గీతల మధ్య కూర్చున్నాను. ఆ నలుగురికీ అంతా చెప్పాను, అబద్ధంతో సహా. ప్లేయర్ మీట నొక్కాను. నా గొంతు వినబడింది. గుర్తున్నదానికంటే కర్కశంగా ఉంది. గోడతో చెప్పుకోవాలా అన్నది వచ్చింది, పెళ్ళి కావాలా వద్దా అన్నది వచ్చింది. కుర్చీలు జరిగిన చప్పుడు, భార్య చెప్పుల చప్పుడు మెట్ల మీద. అక్కడితో అయిపోయిందనుకుని ఆపబోయాను. నలుగురిలో ఒకమ్మాయి, "ఆపొద్దు సార్," అంది. ఎవరు నేర్పిన మాటో నాకు తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కాగితాల చప్పుడు. నేను నిట్టూర్చడం. తర్వాత తలుపు.

"సార్, హెల్మెట్ మరిచిపోయినా." అతని గొంతు. కాస్త ఆగి, "సార్, ఒక మాట చెప్పొచ్చునా? ఆయమ్మ ముందర నాకు నోరు రాలేదు."

నా గొంతు: "వచ్చే వారం చూద్దామండి. బయట వేరేవాళ్ళు కూర్చున్నారు."

"సరే సార్."

తలుపు మూసుకుంది. తర్వాత ఏమీ లేదు, టేపు తిరుగుతున్న గరగర తప్ప.

ఇది నాకు అసలు గుర్తే లేదు. ఒట్టు. పదేళ్ళుగా నా తప్పు అరవడం అనుకున్నాను. అతను మాట్లాడని మనిషి అనుకున్నాను. అతను వెనక్కి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి నోరు తెరిచాడు. ఇంకొక సంగతి నాకొక్కడికే తెలుసు, అది కూడా ఆ గదిలోనే చెప్పేశాను. ఆ రోజు బయట ఎవరూ కూర్చుని లేరు. ఆ రోజుకి వాళ్ళదే ఆఖరి సెషన్. నాకు ఇంటికి వెళ్ళాలనిపించింది, అంతే.

అతను ఏం చెప్పబోయాడో ఇక నాకు తెలీదు. మేడమ్ అయితే ఏమనేవారో కూడా తెలీదు. తిట్టేవారో, కాఫీ తెప్పించేవారో. ఆవిడ ఉంటే బావుణ్ణని అంత గట్టిగా నేను దేన్నీ ఎప్పుడూ కోరుకోలేదు. అరచేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. నలుగురూ కదల్లేదు, ఓదార్చలేదు. బాగా నేర్పారు వాళ్ళకి.

కొంతసేపటికి, ఆపొద్దన్న అమ్మాయి కుర్చీలోంచి దిగి, చున్నీ నడుముకి దోపుకుని, నేల మీద మోకాళ్ళూనింది. వంగి నా కుర్చీ కాళ్ళు చూసింది.

"జానెడు జరిగింది సార్," అంది.

"ఎటు?"

ఆమె తలెత్తి చెయ్యి చాపి చూపించింది. భార్య కూర్చునే కుర్చీ వైపు కాదు. భర్త కుర్చీ వైపూ కాదు. సుద్దగీతలు దాటి, నా కుర్చీ తలుపు వైపు జరిగి ఉంది.