వాడుకలో లేని తెప్ప

2012 ఫిబ్రవరిలో నన్ను శ్రీకాకుళం దగ్గరి తీర గ్రామాలకు మత్స్యాభివృద్ధి అధికారిగా వేశారు. ఆఫీసు భాషలో ఎఫ్.డి.ఓ. జిల్లాకు ఒక డిప్యూటీ డైరెక్టర్, ఆయన కింద అసిస్టెంట్ డైరెక్టర్లు, వాళ్ళ కింద మేము. మా కింద ఫీల్డ్‌మ్యాన్ ఉండాలి. పోస్టు ఉంది, మనిషి లేడు. కాబట్టి నేను కాయితం మీద అధికారిని, ఇసకలో ఫీల్డ్‌మ్యాన్‌ని. అప్పటికి సర్వీసు ముప్ఫై ఏళ్ళు నిండింది. ఒక్క మెమో కూడా అందుకోలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ కూడా చెప్పుకునేవాణ్ణి.

మా పనిలో ఏటా వచ్చే పెద్ద వ్యవహారం వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఏప్రిల్ మధ్య నుంచి మే నెలాఖరు దాకా మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. దానికి ముందే ప్రతి పేటకూ వెళ్ళి పడవల జాబితా సరిచూసుకోవాలి. ప్రతి పడవకూ ఎదురుగా ‘వాడుకలో ఉన్నది’ అనో ‘లేదు’ అనో రాసి సంతకం పెట్టాలి. నిషేధం మోటారుకే. తెడ్డుతో, తెరచాపతో నడిచే తెప్పకు మినహాయింపు ఉంది. నేను చెప్పబోయేదంతా ఈ మినహాయింపు మీదే ఆధారపడింది.

మొగపేటలో అలాంటి కొయ్య తెప్ప ఒకటి ఎర్రయ్యది. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. తెప్ప అంటే తేలిక కలప దుంగలు పక్కపక్కన పేర్చి కొబ్బరి తాడుతో బిగించి కట్టేది. అందులో మేకు అనేది ఉండదు. వేట నుంచి రాగానే కట్టు విప్పేసి, దుంగల్ని విడివిడిగా మోసుకెళ్ళి ఇసక మీద ఆరబెడతారు. మర్నాడు మళ్ళీ కడతారు. ఆరని దుంగ నీళ్ళు తాగి బరువెక్కుతుంది. ఎర్రయ్య ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంకొకరి ఫైబర్ బోటులో కలాసీగా వెళ్ళేవాడు. ఆ బోటు వెళ్ళని రోజున తెప్ప దించేవాడు. నిషేధం మొదలుకాగానే బోటు ఒడ్డెక్కేది, తెప్ప రోజూ నీళ్ళెక్కేది. ఆ ఆరేడు వారాలూ ఎర్రయ్య ఎవరి కిందా పనిచేసేవాడు కాదు. బజార్లో చేప దొరకని రోజులు కావడంతో అతని భార్య పైడమ్మ మోసుకొచ్చే గంప అరసవల్లి చేరేలోపే ఖాళీ అయిపోయేది. వాళ్ళ ఏడాదంతా ఆ వారాల మీదే నిలబడి ఉందని నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ ఏప్రిల్ మొదట్లో పట్టణంలో ఒక ఉత్సవ కమిటీ మూడు రోజుల ప్రదర్శన తలపెట్టింది. పేరు ‘నూరేళ్ళ కిందట – నేడు’. హాలుకు ఎడమవైపు అప్పటి వస్తువులు, కుడివైపు ఇప్పటివి. రోకలికి ఎదురుగా మిక్సీ, బుడ్డి దీపానికి ఎదురుగా ఎల్‌ఈడీ బల్బు, ఎడ్లబండికి ఎదురుగా ఆటో. ఒక్కో శాఖ ఒక్కో జత తేవాలి. మా శాఖ వంతుకు తెప్ప, మోటారు బోటు పడ్డాయి. బోటు హాల్లో పట్టదు కనుక ఫొటో చాలన్నారు. తెప్ప మాత్రం అసలుదే కావాలన్నారు.

ఎర్రయ్యను అడిగాను. అతను తెప్ప వైపు చూసి, నా వైపు చూసి, “మూడ్రోజులే కదా బాబూ? నిషేదం నాటికి నా తెప్ప నా కాడుండాల,” అన్నాడు. పదమూడో తేదీకల్లా తెచ్చి అప్పజెబుతానని మాటిచ్చాను. పైడమ్మ మాత్రం పక్కన నిలబడి నవ్వింది.

“ఏటి, మా తెప్పని అద్దాల గదిలో ఎట్టి సూత్తారా? సూడ్డానికేటున్నాది? ఎక్కమనండి, అప్పుడు తెలుస్తాది!”

వస్తువుతో పాటు ఒక ప్రొఫార్మా పంపాలి. ప్రొఫార్మా అంటే గళ్ళు గీసిన కాయితం. వస్తువు పేరు, ఉపయోగం, ఊరు, ఇచ్చినవారు, ఆఖరి గడిలో ‘ప్రస్తుతం వాడుకలో ఉన్నదా?’. ఉన్నదని రాస్తే వస్తువు ఎడమవైపుకు పనికిరాదు, వెనక్కి పంపేస్తారు. పాతపట్నం నుంచి నాగలి తెచ్చిన వ్యవసాయ శాఖ ఉద్యోగి నిజాయితీగా ‘ఉన్నది’ అని రాశాడు. అతని నాగలిని గేటు దగ్గరే తిప్పి పంపారు. అది చూసి నేను తెలివైనవాణ్ణనుకుని ‘లేదు’ అని రాశాను. అంతకు నాలుగు రోజుల ముందే నిషేధం జాబితాలో అదే తెప్పకు ఎదురుగా ‘ఉన్నది’ అని రాశాను. రెండు సంతకాలూ నావే, పెన్ను కూడా ఒకటే.

ప్రదర్శన బాగా జరిగింది. ప్రారంభోత్సవం రోజున పెద్దలు జ్యోతి వెలిగించి, తెప్పకు బంతిపూల దండ వేశారు. ఎడమవైపు ఒక కుండ మీద ‘వందేళ్ళ కిందటి ఆహారం: చోడి అంబలి’ అని చీటీ అంటించారు. చోళ్ళంటే మావైపు రాగులు. ఆ కుండ పక్కనే స్టూలు వేసుకుని, కాపలా మనిషి రోజూ పదింటికి స్టీలు క్యానులోంచి చోడి అంబలి తాగేవాడు. కుడివైపు నూడుల్స్ ప్యాకెట్ పెట్టారు. దాన్ని ఎవరూ తినగా నేను చూడలేదు.

మూడో రోజు సాయంత్రం కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రజాస్పందన దృష్ట్యా ప్రదర్శనను తదుపరి ఉత్తర్వుల వరకు పొడిగించారు. ప్రభుత్వ వ్యవహారం తెలిసినవాళ్ళకు ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కరలేదు. పదమూడో తేదీ వచ్చింది, వెళ్ళింది. నిషేధం మొదలైంది. మొగపేటలో బోట్లన్నీ ఒడ్డెక్కాయి. ఎర్రయ్యకు ఎక్కడానికి ఏమీ లేదు.

తెప్ప వెనక్కి ఇవ్వాలని కమిటీకి ఒక ఉత్తరం రాశాను. అందులో అసలు సంగతి రాయలేదు, ‘యజమాని కోరుతున్నారు’ అని మాత్రం రాశాను. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. సదరు వస్తువును శాశ్వత గ్యాలరీ కోసం స్టాక్ రిజిస్టరులో ఎక్కించారు. తమ ప్రొఫార్మా ప్రకారం అది వాడుకలో లేదు కనుక, యజమానికి కలిగే ఇబ్బంది ఏమీ ఉండదని భావిస్తున్నారు. అందులో తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు. వాళ్ళు నా మాటే నమ్మారు.

ఏం చెయ్యాలో నాకు స్పష్టంగా తెలుసు. ఆఖరి గడిలో రాసింది అబద్ధమని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మెమో వస్తుంది. రిటైరు కావడానికి నాలుగేళ్ళుంది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ పది రోజులు గడిపేశాను. ఈ పది రోజుల గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈలోగా పైడమ్మ తన దారి తను చూసుకుంది. అమ్ముకోవడానికి చేపల్లేవు కనుక, రోజూ ఉదయం ఖాళీ గంపతో ప్రదర్శనకు వచ్చేది. తెప్ప పక్కన గంప బోర్లించుకుని దానిమీద కూర్చునేది. వచ్చినవాళ్ళందరికీ ఇది మాదే, ఇయ్యట్లేదు అని చెప్పేది. జనం ఆవిడ కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. చాలా సహజంగా చేస్తోందని మెచ్చుకున్నారు, ఫొటోలు దిగారు. ఒక కాలేజీ అమ్మాయి నోట్‌బుక్ తీసి, వందేళ్ళ కిందట దీనిమీద ఎలా వేటాడేవాళ్ళని అడిగింది.

“వందేళ్ళేటమ్మా,” అంది పైడమ్మ, “మొన్న ఉగాదెల్లిన శనివారం మా మావ ఎల్లినాడు. రెండు తట్టల కవళ్ళ సేపలు పడినాయి.”

ఆ అమ్మాయి అది కూడా రాసుకుంది.

ఆ వారంలోనే కమిటీ నుంచి మా డిప్యూటీ డైరెక్టరు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. తెప్పతో పాటు సంప్రదాయ వేషధారణలో ఒక మత్స్యకార మహిళను కూడా ఏర్పాటు చేసిన ఎఫ్.డి.ఓ. చొరవను ప్రత్యేకంగా అభినందించారు. మా సారు దాన్ని నా చేతిలో పెట్టి, సర్వీస్ రిజిస్టరులో ఎక్కిస్తానని చెప్పారు. ముప్ఫై ఏళ్ళలో నాకు వచ్చిన మొదటి ప్రశంస అదే.

పత్రం జేబులో పెట్టుకుని ప్రదర్శన హాలుకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పుడు సరిగా చెప్పలేను, బహుశా పైడమ్మను ఇంటికి పొమ్మని చెప్పడానికి కావచ్చు. ఆవిడ నన్ను చూసి లేవలేదు. తెప్ప మీద ఆ బంతిపూల దండ ఎండిపోయి అలాగే ఉంది. దాన్ని చూపించింది.

“సూడండి బాబూ. సచ్చిపోయినోల్ల పటానికి ఏసినట్టు దండేసినారు. మా మావ బతికే ఉన్నాడు. గుమ్మంలో కూకోని సంద్రం ఏపు సూస్తన్నాడు. అన్నం ఎడతంటే ఏటి పని సేసినానని తిననంటన్నాడు. నిషేదం అయిపోనాక ఇత్తే ఏటి సేసుకోవాల? మీ సేతిలో పని కాదా? కాదంటే కాదని సెప్పండి, నాను ఇంటికి పోతాను.”

నా చేతిలో పని కాదని చెప్పి ఉంటే ఆవిడ నమ్మేది, నా మీద ఆవిడకు ఆ మాత్రం గౌరవం ఉంది. అందుకే చెప్పలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్ళి రెండు పేరాల ఉత్తరం రాశాను. మొదటి పేరాలో, ప్రొఫార్మా ఆఖరి గడిలో నేను రాసింది నిజం కాదని. రెండో పేరాలో, సదరు తెప్ప రిజిస్టరైన, మోటారు లేని పడవ అని, నిషేధ కాలంలో చట్టప్రకారం వేటకు వెళ్ళగలిగిన కొద్దిపాటి పడవల్లో అదొకటని. జాబితా నకలు జతచేశాను. మా సారు రెండుసార్లు చదివారు. రెండు కాయితాల్లో ఒకటి తప్పని నువ్వే సంతకం పెట్టి చెబుతున్నావా అని అడిగారు. అవునన్నాను. ప్రశంసాపత్రం వెనక్కి అడిగారు. ఇచ్చేశాను.

నిషేధం సగం దాటాక తెప్ప లారీలో మొగపేట చేరింది. తాళ్ళు లేవు. నా ఉత్తరం కమిటీకి చేరేలోపే, గ్యాలరీలో దుంగలు కదలకుండా ఉండాలని వాళ్ళ వడ్రంగి వాటికి బెజ్జాలు తొలిచి, ఇనప పట్టీలకు బోల్టులు బిగించాడు. పైన మెరుపు కోసం వార్నిష్ రెండు పూతలు పూశాడు. అతన్ని అనడానికి లేదు, వాడని వస్తువును కాపాడమని అతనికి చెప్పారు, కాపాడాడు.

ఎర్రయ్య దుంగ మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రాశాడు.

“ఇదేటి బాబూ ఈ నునుపు? తడిసిందంటే కాలు నిలబడతాదేటి?”

అతను జవాబు కోసం ఆగలేదు. ఇంట్లోంచి కత్తి తెచ్చుకుని గీకడం మొదలుపెట్టాడు. పైడమ్మ ఇంకో కత్తి తెచ్చి నా ముందు పడేసింది. ఇస్త్రీ చొక్కాతోనే కూర్చుని గీకాను. గంట తిరక్కుండానే అరచెయ్యి బొబ్బలెక్కింది. ఒక దుంగలో మూర మేర మాత్రం నేను గీకిందని చెప్పుకోగలను. బోల్టులు ఊడదీసిన బెజ్జాల్లో ఎర్రయ్య కొయ్య మేకులు చెక్కి బిగించాడు. మేకు లేని తెప్పకు నా మూలంగా మేకులొచ్చాయి. మూడో రోజు తెల్లవారుజామున కొత్త తాడుతో కట్టి, నీళ్ళలోకి తోశారు. తెప్ప ఒక పక్కకు కొద్దిగా ఒరిగింది, మునగలేదు. ఎర్రయ్య నిలబడి తెడ్డు వేశాడు. అల దాటేదాకా పైడమ్మ మొలలోతు నీళ్ళలోనే ఉండిపోయింది.

అతనికి మిగిలింది రెండు వారాలు, ఒక పూట. పోయినవి పోయాయి. ఆ రెండు వారాల్లో పడిన చేపల్లో పైడమ్మ నాకు ఒక్కటి కూడా ఇవ్వలేదు. ఇస్తుందని నేను అనుకోనూ లేదు.

జూన్‌లో నాకు మెమో వచ్చింది. ‘ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను’ అన్న హెచ్చరిక సర్వీస్ రిజిస్టరులో ఎక్కింది. రిటైరయ్యేదాకా అదొక్కటే.

మరుసటి ఏడాది నిషేధ కాలంలో కమిటీ గ్యాలరీ కోసం మళ్ళీ ప్రొఫార్మా పంపింది. ఈసారి ఆఫీసులో నింపలేదు. మొగపేట తీసుకెళ్ళాను. ఎర్రయ్య తెప్ప విప్పి దుంగలు ఆరబెడుతున్నాడు. అతని వెనక పేట పొడుగునా మోటారు బోట్లు టార్పాలిన్లు కప్పుకుని వరసగా ఉన్నాయి. ఆఖరి గడి చదివి వినిపించాను. వాడుకలో లేనిదంటే ఏటని అడిగాడు. ఒకప్పుడు వాడి, ఇప్పుడు ఎవరూ వాడనిది అని చెప్పాను.

అతను దుంగను ఎండవైపుకు తిప్పి, వెనక్కి చూడకుండానే గడ్డంతో బోట్ల వైపు చూపించాడు.

“అయితే ఆటి పేరు రాయండి బాబూ. ఇప్పుడు ఎవులూ ఆడట్లేదు.”

అతను హాస్యానికి అనలేదు. ఆ రోజుకు అది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఒక వస్తువు కాలం అయిపోయిందో లేదో చెప్పవలసింది దాన్ని వాడే మనిషేనని, ఆ గడి అతన్ని అడక్కుండా నింపేది కాదని నేర్చుకున్నాను. ప్రొఫార్మాలో మోటారు బోటు పేరు రాసి, ఆఖరి గడిలో ‘లేదు’ అని రాసి, ఆ జవాబు ఇచ్చింది అతనే కనుక ఇచ్చినవారి గడిలో ఎర్రయ్య వేలిముద్ర వేయించి పంపాను. ఎవరూ సంజాయిషీ అడగలేదు.